ప్రాచీన నదీలోయ నాగరికతలు: వరదకాలాల పోలిక

పెద్ద నదుల వరద మైదానాలలో పండిన పంట మిగులు మీద ఆధారపడి నగరాలను, వృత్తి విభజనను, పాలనా యంత్రాంగాన్ని పెంపొందించుకున్న తొలి సమాజాలను నదీలోయ నాగరికతలు అంటారు. టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల నడుమ మెసపొటేమియా, నైలు తీరాన ఈజిప్టు, సింధు, ఘగ్గర్-హక్రా నదుల పరీవాహక ప్రాంతంలో హరప్పా, పసుపు నది (హ్వాంగ్ హో) ఒడ్డున చైనా నాగరికతలు వీటిలో ముఖ్యమైనవి. నది నీరిచ్చింది, వండ్రునిచ్చింది, కాబట్టి నగరం పుట్టింది అని నాలుగింటినీ ఒకే గాటన కట్టడం పాఠ్యపుస్తకాలకు అలవాటు. వీటి మధ్య తేడాలు తెలియాలంటే మాత్రం నదిలో ఎంత నీరు పారిందన్న దానికంటే ఆ నీరు ఏ నెలలో పొంగిందన్నది ఎక్కువ పనికివస్తుంది.

నైలు వరదకు మూలం ఇథియోపియా ఎత్తుభూముల మీద కురిసే వేసవి వానలు. ఆ నీరు జూలైలో ఈజిప్టు చేరి, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉద్ధృతమై, అక్టోబరు, నవంబరులలో తీసేది. సరిగ్గా అప్పుడే గోధుమ, బార్లీ విత్తడానికి అదను వచ్చేది. పొలాల చుట్టూ మట్టికట్టలు వేసి, వరదనీటిని కొన్ని వారాలు నిలవగట్టి, నేల పదునుకు వచ్చాక మిగిలిన నీటిని దిగువకు వదిలితే సాగుకు చాలినంత తడి అందేది. అలా వదిలిన నీరు భూమిలోని ఉప్పును కూడా కడిగి తీసుకుపోయేది కనుక వేల ఏళ్ళు దున్నినా ఆ నేలలు పెద్దగా చౌడుబారలేదు. ఈజిప్షియన్లు సంవత్సరాన్నే వరద (అఖెత్), మొలక (పెరెత్), కోత (షెము) అనే మూడు రుతువులుగా విభజించుకున్నారు. తొలి రాజుల వార్షిక వృత్తాంతాలు చెక్కిన పలెర్మో శిల మీద ఏటేటి వరద ఎత్తు మూరలు, బెత్తెలు, అంగుళాల లెక్కన కనిపిస్తుంది. వరద మట్టం తెలిస్తే రాబోయే పంట ఎంతో, దాని మీద రావలసిన పన్ను ఎంతో అంచనాకు వచ్చేది.

ఇరువైపులా ఎడారి కాపున్న ఆ సన్నని లోయలో ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది, గాలి ఎక్కువగా దక్షిణానికి వీస్తుంది. పడవ వాలున దిగివెళ్ళి తెరచాపతో ఎదురెక్కి రాగలదు కాబట్టి, క్రీ.పూ. 3100 ప్రాంతంలోనే దేశమంతా ఒక్క రాజు కిందికి రావడానికి నదే రాజమార్గమైంది. ఎర్ర సముద్ర తీరంలోని వాదీ అల్-జర్ఫ్‌లో 2013లో దొరికిన పపైరస్ పత్రాలలో మెరెర్ అనే పర్యవేక్షకుడి దినచర్య ఉంది. తన జట్టుతో తురా గనుల నుంచి సున్నపురాయిని పడవల మీద గీజాకు, ఖుఫూ రాజు పిరమిడ్ పనికి, చేరవేసిన ప్రయాణాలను అతడు రోజువారీగా రాసిపెట్టాడు.

మెసపొటేమియాలో నది నడత దీనికి పూర్తిగా విరుద్ధం. అనటోలియా కొండలలో మంచు కరిగి వచ్చే వరద ఏప్రిల్, మే నెలల్లో, అంటే బార్లీ కోతకు వచ్చిన వేళ పొలాల మీద పడేది. శరత్కాలంలో విత్తనాలకు తడి కావలసి వచ్చేసరికి నది అడుగంటి ఉండేది. అందువల్ల అక్కడ వ్యవసాయమంటే కరకట్టలు పోయడం, కాలువలు తవ్వడం, ఏటా పూడిక తీయడం. తన కాలువ గట్టును పట్టించుకోక గండి పడనిచ్చి పొరుగువారి చేను ముంచినవాడు నష్టపోయిన ధాన్యం కట్టివ్వాలని బాబిలోన్ రాజు హమ్మురాబి (సుమారు క్రీ.పూ. 1792–1750) శాసనం విధించింది. లగష్, ఉమ్మా నగరాలు సరిహద్దు పొలాల కోసం, కాలువ నీటి కోసం తరాల తరబడి కొట్లాడుకున్నాయి. ఒకే నది ఒకే రాజ్యాన్ని నిలిపిన ఈజిప్టుకు భిన్నంగా ఇక్కడ ఒక్కో ప్రధాన కాలువ చుట్టూ ఒక్కో నగరరాజ్యం పెరగడంలో ఆశ్చర్యం లేదు.

నీటిపారుదల ఉండి మురుగుపారుదల లేని పల్లపు నేలల్లో తడి ఆవిరై ఉప్పు పైకి తేలేది. గోధుమ సాగు తగ్గి, ఉప్పును ఓర్చుకునే బార్లీ పెరగడానికి ఇదొక కారణమని కొందరు పండితుల వాదన. అయితే దక్షిణ మెసపొటేమియాలోని సుమేరు రైతు పనితనం తక్కువది కాదు. నాగలికి గరాటు వంటి గిన్నె బిగించి, గొట్టం గుండా గింజలను చాలులోకి జారవిడిచే సాధనం అతనికి ఉండేది. తెలుగునాట గొర్రు మీది జడ్డిగం చేసే పని అదే. రాత కూడా ధాన్యపు లెక్కల అవసరంలోంచే పుట్టింది. ఉరుక్ నగరంలో క్రీ.పూ. 3300 తరువాత వెలసిన తొలి మట్టిపలకలలో అత్యధికం ధాన్యం, గొర్రెలు, కూలీల బత్తెం పద్దులే.

హిమాలయాల మంచు, నైరుతి రుతుపవనాలు కలిసి నింపే సింధు నది వేసవిలో పొంగి శరత్తుకు తీస్తుంది. ఈ లెక్కన అది నైలుకు దగ్గరి చుట్టం: వరద వెళ్ళిన తడిలో రబీ గోధుమ, బార్లీ వేయవచ్చు. అయినా ఇక్కడ ఈజిప్టు వంటి రాజ్యం కనిపించదు. హరప్పా నాగరికత పరిణత దశకు (సుమారు క్రీ.పూ. 2600–1900) చెందిన ఏ నగరంలోనూ ఇది రాజప్రాసాదం, ఇది రాజు సమాధి అని నిర్ద్వంద్వంగా చెప్పగల కట్టడం బయటపడలేదు. నది నడతతో అన్నిటినీ వివరించలేమనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. రాజు జాడ లేకపోయినా కట్టుబాటు మాత్రం గట్టిగా ఉంది: ఇటుకల మందం, వెడల్పు, పొడవు 1:2:4 నిష్పత్తిలో ఉండేవి, సుమారు 13.7 గ్రాముల ప్రమాణంతో చేసిన ఘనాకారపు తూనికరాళ్ళు హరప్పాలోనూ, లోథాల్‌లోనూ ఒకే తూకం తూగుతాయి. మొహెంజొదారోలో ఒక చివర సన్నగా ఉండే ఇటుకలను గుండ్రంగా పేర్చి కట్టిన బావులు 700 వరకు ఉండేవని అంచనా. కాలీబంగన్‌లో బయటపడిన తొలి హరప్పా కాలపు దుక్కిలో ఒక దిక్కున 30 సెంటీమీటర్ల ఎడంతో, దానికి అడ్డంగా 1.9 మీటర్ల ఎడంతో చాళ్ళు ఉన్నాయి. ఒకే చేలో రెండు పంటలు కలిపి వేశారనడానికి అది గుర్తు. కచ్‌లోని ధోలావీరా అయితే పెద్ద నది పక్కన లేనే లేదు. రెండు వానవాగుల నీటిని రాతి జలాశయాలకు మళ్ళించుకొని బతికింది. నదీలోయ నాగరికత అన్న పేరు అక్కడ కొంత బిగుతవుతుంది.

చైనా విషయంలోనూ ఈ పేరును జాగ్రత్తగా వాడాలి. పసుపు నది లోయలోని తొలి రైతులు గాలికి కొట్టుకువచ్చి పేరుకున్న లోయెస్ అనే మెత్తని మట్టిలో, ఎక్కువగా వానాధారంతో, కొర్రలు, వరిగలు పండించారు. అక్కడి తొలి విస్తృత రాతలు ఆన్యాంగ్‌లో దొరికిన జోస్యపు ఎముకల మీదివి. ఉరుక్ పలకలకు దాదాపు రెండు వేల ఏళ్ళ తరువాతివి.

ఈ నాగరికతలలో మెసపొటేమియాకు, హరప్పాకు మధ్య సంబంధాలు ఉన్నాయి. సుమేరు నగరమైన ఊర్‌లోని రాజసమాధులలో సింధు ప్రాంతపు ఎర్రని కార్నీలియన్ పూసలు దొరికాయి. మెలుహ్హా దేశపు ఓడలు తన రేవుకు వచ్చాయని అక్కద్ రాజు సర్గోన్ చెప్పుకున్నాడు. ఆ మెలుహ్హా సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితులు భావిస్తారు. నాలుగు వందల వరకు గుర్తులున్న సింధు లిపిలో రాసింది తెలుగుకు దూరపు బంధువైన ద్రావిడ భాష అని పరిశోధకులు ఆస్కో పర్పోలా, ఐరావతం మహదేవన్ వాదించారు గాని అది రుజువు కాలేదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో అక్కద్ కాలపు ముద్రిక ఒకటి ఉంది. దాని యజమాని షూ-ఇలిషు మెలుహ్హా భాషకు దుబాసీ అని దాని మీద చెక్కి ఉంది; ఆ భాష ఏదో మాత్రం అందులో లేదు.