బేగంపేట దోమ

"ప్రాజెక్టు ఏం చేయాలి సార్?" అని పిల్లలు అడిగితే నాకు రోనాల్డ్ రాస్ గుర్తొస్తాడు. మన సీతాఫల్‌మండికి దగ్గర్లోని బేగంపేటలోనే, 1897 ఆగస్టు 20న, ఆయన దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు.

ఆ ఆలోచన మొదట రాస్‌ది కాదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఆయనకు సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపించి, దోమల మీద తన అనుమానం చెప్పాడు. తర్వాత ఉత్తరాలతో వెంట నిలిచాడు. దోమలు చచ్చిన నీళ్లు తాగితే జబ్బొస్తుందన్న మాన్సన్ ఊహ తప్పు. ప్రశ్న మాత్రం సరైనదే. రెండేళ్లు వేరే రకం దోమలను కోసి విసిగిన రాస్‌కు, చివరికి హుసేన్ ఖాన్ అనే రోగి డబ్బు తీసుకుని దోమలచేత కుట్టించుకుని సాయపడ్డాడు.

చిన్నప్పుడు అన్నయ్య చేసిపెట్టిన పంపు మోడల్‌కి నాకు బహుమతి వచ్చింది. అదెలా పనిచేస్తుందో ఎవరూ అడగలేదు. అడిగితే దొరికిపోయేవాణ్ణి!

ఈసారి పిల్లలకు ఒక సీసాలో నిలవ నీళ్లు చూపిద్దాం. దోమ లార్వా నీటిపై అడ్డంగా తేలుతోందా, తలకిందులుగా వేలాడుతోందా? మిగతాది వాళ్లనే అడగనిద్దాం.