ప్రజల తిరుగుబాటు – పరరాజ్యముల ధర్మము



ఒక దేశమున నిరంకుశుడు ప్రజలను పీడించుచుండగా, ఆ ప్రజలు తిరుగబడినచో పరరాజ్యములు ఏమి చేయవలెను? విభీషణుడు శరణు కోరి వచ్చినపుడు శ్రీరాముని శిబిరమున పుట్టిన ప్రశ్నయు ఇట్టిదే. రాముడు మొదట సుగ్రీవాదులతో ఆలోచించెను, పిదప అభయమిచ్చెను, ఇచ్చిన పిమ్మట వెనుదీయలేదు. ఈ క్రమమును మనసునందుంచుకొని ఇరాకు దేశపు వృత్తాంతమును వినుడు.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు అధినేత సద్దాం హుస్సేను పొరుగుననున్న కువైటును ఆక్రమించెను. మన కడప, గోదావరి ప్రాంతములనుండి పొట్టకూటికై అచటికి పోయినవారెందరో సర్వము విడిచి తిరిగివచ్చిరి. ఐక్యరాజ్యసమితి అనుమతితో అమెరికా మొదలగు రాజ్యములు 1991 జనవరిలో యుద్ధమారంభించి, ఫిబ్రవరి 28 నాటికి కువైటును విడిపించెను.

ఆ యుద్ధము నడుచుచుండగనే, ఫిబ్రవరి 15వ తేదీన, అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్, ఇరాకు సైనికులును ప్రజలును తామే పూనుకొని సద్దామును గద్దె దింపవలెనని బహిరంగముగా పలికెను. ఆ పలుకు రేడియో ద్వారా ఇరాకు ప్రజల చెవిని బడెను. నేనును రేడియోలోనే మాటలాడుచున్నాను కావున చెప్పుచున్నాను: ఇచటినుండి పలికిన మాట వక్తకు గాలిలో కలిసినట్లు తోచును; వినువాని ఇంట నది ప్రమాణమై కూర్చుండును.

మార్చి మొదటనే బస్రాలో తిరుగుబాటు లేచెను. నజఫు, కర్బలా పట్టణములకు ప్రాకెను. ఉత్తరమున కుర్దులు లేచిరి. ఇరాకునందలి 18 మండలములలో 14 సద్దాము చేయి జారెను. అమెరికా తోడ్పడునని జనులు నమ్మిరి. కాని మార్చి 3వ తేదీన సఫ్వానులో జరిగిన యుద్ధవిరామపు చర్చలలో, వంతెనలు కూలినవి గనుక హెలికాప్టర్లను నడుపుకొననిండని ఇరాకు సేనానులు కోరగా, అమెరికా సేనాని ష్వార్జ్‌కాఫ్ సమ్మతించెను. ఆ హెలికాప్టర్లే ప్రజలపై నిప్పులు కురిసెను. అమెరికా సేనలు దక్షిణ ఇరాకులో నుండియు కదలలేదు. వేలకువేలు మడిసిరి. పదిలక్షలకు మించిన జనము, విశేషించి కుర్దులు, చలిలో కొండదారులబడి టర్కీ, ఇరాను సరిహద్దులకు పరుగెత్తిరి.

అమెరికావారి వాదమును గూడ వినవలెను. సమితి యిచ్చిన అనుమతి కువైటు విడుదల వరకే యనిరి. ఇరాకు ముక్కలగుననియు, ఇరానునకు బలము చేకూరుననియు భయపడిరి. ఇవి త్రోసివేయదగిన మాటలు కావు. కాని ఈ విచారమంతయు ఫిబ్రవరి 15వ తేదీకి ముందే చేయవలసి యుండెను. ఆలోచన ముందు, అభయము తరువాత.

ఏప్రిల్ 5వ తేదీన భద్రతామండలి తన 688వ తీర్మానముతో ఆ పీడనమును ఖండించెను. పిదప అమెరికా, బ్రిటను, ఫ్రాన్సులు విమానములనుండి ఆహారమును, దుప్పట్లను జారవిడిచి, ఉత్తరమున రక్షితప్రదేశమునేర్పరచి, అచట సద్దాము విమానములు ఎగురరాదని శాసించెను. కుర్దులలో పెక్కండ్రు ఇండ్లకు మరలిరి. దక్షిణమున అట్టి శాసనము 1992 ఆగస్టున గాని రాలేదు. అప్పటికి అచట తిరుగుబాటు అణగిపోయి యేడాది దాటెను. 2003లో అమెరికా తానే దండెత్తి సద్దామును కూలద్రోసెను. ఈ మారు ముందు నడిచినది పరసేన. వెనుక వచ్చినది ఏండ్లతరబడి అంతఃకలహము.

కావున నాకు తోచినదిది. తిరుగుబాటు ఆ దేశప్రజలది. దానిని మనము మొదలుపెట్టరాదు, మనదిగా చేసికొనరాదు. చేయగలిగినంతయే చెప్పవలెను. నిరంకుశుని చేతి ఆయుధమునకు దారి విడువరాదు. ప్రాణభీతితో వచ్చినవారికి తలుపు మూయరాదు.

మన యూళ్లలోనే చూడుడు. పొరుగింటి కలహమున "నేనున్నాను, పొమ్ము" అని బలహీనుని ముందునకు త్రోసి, దెబ్బలు మొదలైనంతనే తన తలుపు గడియ వేసికొన్నవానిని పంచాయతీలో ఏమందురో పెద్దలు మీరెరుగుదురు. రాజ్యములకును ఆ తీర్పే.