పగ తీర్చుకోవటం: అందులోని ‘కోవటం’ ఎవరిది?

తెలుగులో దాహం తీర్చుకుంటాం. మొక్కు తీర్చుకుంటాం, ముచ్చట తీర్చుకుంటాం, పగ కూడా తీర్చుకుంటాం. నాలుగింటికీ క్రియ ఒకటే. అప్పు సంగతి కొంచెం వేరు. మిరపకాయలమ్ముకున్న రైతు ఒంగోలు బస్టాండులో ఎదురై ‘బ్యాంకు బాకీ తీర్చేశా’ అన్నా, ‘తీర్చుకున్నా’ అన్నా బాకీ ఆయనదే. దాహం అలా కాదు. ‘దాహం తీర్చాను’ అంటే ఆ దాహం మరొకరిది, నీళ్లు పోసినవాడు మాట్లాడుతున్నాడు. ‘పగ తీర్చాను’ అన్నా అంతే. చివరనున్న ‘కొను’ జారిపోతే పగ చేతులు మారుతుంది.

దెబ్బతిన్న మనిషి ప్రతీకారాన్ని కథగా చెప్పే ఎవరికైనా, సినిమా తీసేవారికైనా సూపర్‌హీరోల బొమ్మల కథలు గీసేవారికైనా, ఈ చిన్న ప్రత్యయం దగ్గరే అసలు పరీక్ష ఉందని నేను నమ్ముతాను.

‘కొను’ అంటే మొదట తీసుకోవటం. అంగట్లో కొనటం ఆ తీసుకోవటంలో ఒక రకం. మరో క్రియ వెనక చేరినప్పుడు అది పని ఫలాన్ని చేసినవాడి వైపు తిప్పుతుంది. సంస్కృతంలో ఆత్మనేపదం చేసే పనిని మన భాషలో ఇది చేస్తుందని వ్యాకర్తలు చెబుతారు. వండటం వేరు, వండుకోవటం వేరు. చెప్పటం వేరు, గోడు చెప్పుకోవటం వేరు. ‘కొను’ లేకుండా బతకలేని క్రియలు కొన్ని ఉన్నాయి, గాయపడ్డ మనిషికి అవే ముఖ్యం: కోలుకొను, తేరుకొను, నిలదొక్కుకొను. ఒకరి తరఫున మరొకరు కోలుకోవటం కుదరదు. భాషే దానికి వీలివ్వలేదు.

ఈ ప్రత్యయానికి ఇంకో ముఖం ఉంది. ‘కొట్టుకున్నారు’, ‘నరుక్కున్నారు’ అన్నప్పుడు అది పరస్పరం అవుతుంది. ఊళ్లో ఒక వైపు వాళ్లు గుంపుగా వెళ్లి రెండో వైపు వాళ్లను ఇళ్లలోంచి తరిమి కొట్టినా మర్నాటికి ‘రెండు వర్గాలూ కొట్టుకున్నాయి’ అనే మాట తయారవుతుంది. ‘కొట్టారు’ అనాల్సిన చోట ‘కొట్టుకున్నారు’ అంటే దెబ్బ తిన్నవాడూ దోషి అయిపోతాడు. మన పల్లెల చరిత్రలో ఈ ‘కొను’ చేసిన అన్యాయం చిన్నది కాదు.

ఇక పగ. తమిళంలో పకై, కన్నడంలో హగె, మనకు పగ. శత్రువు పగవాడు, పాత కావ్యాల్లో పగతుడు. తమిళంలో ‘పకు’ అంటే చీలటం, మన ‘పగులు’ దానికి చుట్టమే. పగనూ పగులునూ భాషావేత్తలు ఒక్క ధాతువుకే చేరుస్తారు. మా వైపు పత్తికాయ పగులుతుంది, మడమలు పగులుతాయి, గుండె కూడా పగులుతుంది. నల్లరేగడి వేసవిలో నోరు తెరుచుకున్నట్టే ఈ మాటలో ముందు కనిపించేది చీలిక, కత్తి తర్వాత వస్తుంది. పగ అంటే కోపం అనుకుంటాం గానీ, కలిసి ఉన్నది రెండుగా విడిపోవటం దాని పుట్టుకలోనే ఉంది. హింసకు గురైన మనిషి ‘అంతకు ముందు నేను, ఆ తర్వాత నేను’ అని తనను తానే రెండుగా చెప్పుకోవటం విన్నవారికి ఈ వ్యుత్పత్తి వింతగా అనిపించదు.

తీరటం అంటే ముగియటం. తీరు, తీర్చు, తీర్పు ఒకే కుదుటి మాటలు. న్యాయాధికారి ఇచ్చేదీ, పగబట్టినవాడు కోరేదీ మన భాషలో తోబుట్టువులు. ముగ్గు తీర్చటం, బొట్టు తీర్చటం, పిల్లల్ని తీర్చిదిద్దటం కూడా ఆ ఇంటివే.

భారతం దగ్గరికి వెళితే ఈ వ్యాకరణమంతా కథగా కనిపిస్తుంది. తిక్కన తెనిగించిన విరాటపర్వంలో కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నుతాడు. రాజు చూస్తాడు, కంకుడి వేషంలో ఉన్న ధర్మరాజూ చూస్తాడు. న్యాయం చెప్పాల్సిన సభ నోరు విప్పదు, కాబట్టి ఆమె అర్ధరాత్రి వంటశాలకు వెళ్లి భీముణ్ణి లేపుతుంది. కీచకుణ్ణి చంపింది భీముడే అయినా పథకంలో ఆమె ఉంది, తెల్లారి శవాన్ని కాపలావారికి చూపించిందీ ఆమే. ఇక్కడ ‘తీర్చుకుంది’ అనటానికి సందేహం లేదు. ఆ తర్వాతది మనం తరచూ మరిచిపోతాం. ఉపకీచకులు ఆమెను అన్న శవంతో పాటు కాల్చటానికి పాడెకు కట్టి తీసుకుపోతారు. భీముడు మళ్లీ పరుగెత్తాల్సి వచ్చింది. ఆ పైన విరాటుడు ఆమెను ఊరు విడిచి వెళ్లమన్నాడు. పగ తీరింది, ఆమె కష్టం తీరలేదు.

అరణ్యపర్వంలో సైంధవుడు ద్రౌపదిని ఎత్తుకుపోయే ఘట్టం మా జిల్లా కవి ఎఱ్ఱన వంతుకు వచ్చింది. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్నవాడు. ఈ కథలో భీముడు సైంధవుడి తలను అయిదు శిఖలు మిగిలేట్టు గొరిగి దాసుణ్ణి చేసి తెస్తాడు. వ్యాసుడి మూలంలో ముందు చంపమన్న ద్రౌపదే ధర్మరాజు వైపు చూసి, ఇక విడిచిపెట్టమంటుంది. ఆ విడుదల క్షమ వల్లనా, అలసట వల్లనా, భర్త మనసు కనిపెట్టటం వల్లనా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఏదైనా కావచ్చు. చివరి మాట ఆమె నోట వచ్చిందన్నది నాకు ముఖ్యం.

ఇప్పుడు మా ఊరి సినిమా. టి. కృష్ణ ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు, ప్రజానాట్యమండలిలో పదును తేలినవాడు. 1986లో, నలభై ఏళ్లు నిండకుండానే పోయాడు. ఆయన తీసిన ‘ప్రతిఘటన’ 1985 అక్టోబరులో వచ్చింది. రామోజీరావు నిర్మాత, విజయశాంతి ఝాన్సీ. ఝాన్సీ కాలేజీ లెక్చరరు. నడివీధిలో ఒక పోలీసు అధికారిని కాళి అనే రౌడీ చంపగా అందరూ చూశారు, సాక్ష్యం చెప్పటానికి ఆమె ఒక్కతే ముందుకొచ్చింది. అందుకు వాడు ఆమెను నడివీధిలోనే వివస్త్రను చేస్తాడు. చివర నిండు సభలో ఆమె గొడ్డలెత్తి వాణ్ణి నరుకుతుంది.

అందరూ గుర్తుపెట్టుకున్నది గొడ్డలి. రెండేళ్లకు హిందీలో ‘ప్రతిఘాత్’గా తీసినప్పుడు అక్కడా అదే నిలిచిపోయింది. నాకు మాత్రం ఆ సినిమా గుండె తరగతి గదిలో ఉంది. అవమానం జరిగాక ఆమె మళ్లీ కాలేజీకి వెళుతుంది. నల్లబల్ల మీద పిల్లలు ఆమెను బూతుబొమ్మగా గీసి ఉంచుతారు. ఆమె పారిపోదు, ఏడుస్తూ కూలబడదు. ఆ పిల్లలతోనే మాట్లాడుతుంది. వేటూరి రాసిన, ఎస్. జానకి పాడిన ఆ పాటలో దుశ్శాసనుడి ప్రస్తావన రావటం యాదృచ్ఛికం కాదు, సభలో మౌనంగా కూర్చున్నవాళ్లు ఇప్పుడు బెంచీల మీద ఉన్నారు. ఆమె తేరుకున్నది అక్కడ. గొడ్డలి లేకపోయినా ఆ స్త్రీ నిలబడి ఉండేది.

పేరు చూడండి. టి. కృష్ణ ‘పగ’ అని పెట్టలేదు, ‘ప్రతీకారం’ అనీ పెట్టలేదు. ప్రతిఘటన అంటే ఎదురు నిలవటం. నిజానికి ప్రతీకారం అన్న సంస్కృత పదానికే రెండర్థాలు: ఎదురుదెబ్బ ఒకటి, రోగానికి చేసే చికిత్స రెండోది. వైద్య గ్రంథాల్లో ప్రతీకారమంటే మందూ మాకూ. తెలుగులోకి వచ్చేసరికి మందు పోయి దెబ్బ మిగిలింది. ఆ పోయిన అర్థం కోసం నాకు నిజంగానే బాధగా ఉంటుంది.

అమెరికా సూపర్‌హీరోల పుట్టుకలోనే పగ ఉంది. 1939 నవంబరు నాటి ‘డిటెక్టివ్ కామిక్స్’ సంచికలో బ్యాట్‌మన్ కథ మొదలెక్కడో చెప్పారు: కళ్లెదుటే అమ్మానాన్నలు హత్యకు గురైన పిల్లవాడు ప్రతిన పూనుతాడు. వాడి పగ వాడే పట్టాడు, కాబట్టి ‘కొను’ వాడిదే. చిక్కు ఆడపాత్రలతో వచ్చింది. 1988లో అలన్ మూర్ రాసి బ్రయన్ బోలండ్ గీసిన ‘ది కిల్లింగ్ జోక్’లో బ్యాట్‌మన్ శత్రువు జోకర్ బార్బరా గోర్డన్ అనే యువతిని తుపాకితో కాల్చి, వెన్నెముక దెబ్బతిన్న ఆమె ఒంటి మీది బట్టలు తీసి ఫొటోలు తీస్తాడు. ఆ ఫొటోలు ఆమె తండ్రికి పిచ్చెక్కించటానికి. ఆ తర్వాత కథంతా తండ్రిదీ, బ్యాట్‌మన్‌దీ, జోకర్‌దీ. గాయం ఆమెది, కథ మగవాళ్లది. 1994లో ‘గ్రీన్ లాంటర్న్’లో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కారు, హీరోకు కోపం పుట్టించటమే ఆమె చావుకున్న పని. 1999లో గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు ఇలాంటి పాత్రల జాబితా కూర్చి, ఇన్ని గాయాలు ఎవరికోసమని నిలదీసింది. ఆమె తర్వాత స్వయంగా ఆ కథలు రాసే చోటికి చేరింది.

బార్బరా విషయంలో ఒక మంచి జరిగింది. కిమ్ యేల్, జాన్ ఆస్ట్రాండర్ అనే రచయిత దంపతులు ఆమెను అలా వదిలేయటం ఒప్పుకోలేదు. 1989లో ఆమెను ‘ఆరకిల్’ పేరుతో మళ్లీ తెచ్చారు. చక్రాల కుర్చీలో కూర్చుని, కంప్యూటర్ల ముందు, మిగతా వీరులందరికీ సమాచారం అందించే మనిషిగా. జోకర్‌ను చంపలేదు, మంత్రంతో కాళ్లూ తెప్పించలేదు. కోలుకొను అన్న క్రియను బొమ్మల్లో అంత శ్రద్ధగా గీయటం అరుదు. ‘అలియాస్’ బొమ్మల కథల్లో జెసికా జోన్స్ కూడా ఈ కోవదే. తన మనసును నెలల తరబడి తన గుప్పిట్లో పెట్టుకున్నవాణ్ణి చివరికి ఆమె కొట్టి పడేస్తుంది గానీ చంపదు. 2015లో టీవీ సీరియల్‌గా తీసినప్పుడు ఆమె చేత వాడి మెడ విరిపించారు. తెర మీదికి రాగానే పగ గట్టిగా తీరాలని చూసేవాళ్లు కోరతారని తీసేవాళ్లు అనుకుంటారు కాబోలు. మన దేశంలో 2014లో వచ్చిన ‘ప్రియాస్ శక్తి’లో అత్యాచారానికి గురై ఇంటివాళ్లూ కాదన్న ప్రియ పులినెక్కి తిరిగి వస్తుంది. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత రామ్ దేవినేని తలపెట్టిన పుస్తకమది. ఆమె ఆయుధం మాట. రెండో పుస్తకంలో యాసిడ్ దాడి బాధితుల చేతికి అద్దం ఇస్తుంది.

ఇక కథల బయట చూస్తే, 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపిన ఉదయం జనం పోలీసుల మీద పూలు చల్లారు. ‘దిశ’గా పిలిచిన ఆ అమ్మాయి లేదు, కాబట్టి ‘తీర్చుకుంది’ అనటానికి కర్తే లేదు. ‘తీర్చారు’ అనే మిగిలింది. కావాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో చెప్పింది. తీర్పు రావలసిన చోట పగ వచ్చి కూర్చుంటే, నేరం ఎలా జరిగిందో కోర్టులో పూర్తిగా చెప్పే అవకాశం ఎవరికీ మిగలదు. ఆ అమ్మాయికి కూడా అది అన్యాయమే.

‘ప్రతిఘటన’ విడుదలకు మూడు నెలల ముందు, మా ప్రకాశం జిల్లాలోనే, 1985 జులై 17న కారంచేడు జరిగింది. మాదిగపల్లె తాగే చెరువు నీళ్లు మురికి చేయొద్దన్నందుకు ముందురోజు గొడవ. కొట్టబోతే ఒక మహిళ చేతిలో ఉన్న బిందె ఎత్తింది. మర్నాడు ఊళ్లోని పెత్తందారీ కులం వాళ్లు పల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు, స్త్రీల మీద అత్యాచారాలు చేశారు. బతికినవాళ్లు చీరాల పరుగెత్తారు. సర్దిచెప్పి తిరిగి ఊరికి పంపాలని చూసినా వెళ్లలేదు. అక్కడే శిబిరం, అక్కడే కత్తి పద్మారావు, బొజ్జా తారకంల నాయకత్వంలో దళిత మహాసభ. 1989లో ఆ దాడి ఆరోపణలు ఎదుర్కొన్న ఒక ప్రముఖుణ్ణి నక్సలైట్లు చంపారు. అది ‘తీర్చటం’. చీరాలలోని వాళ్లు మాత్రం కోర్టునే పట్టుకుని కూర్చున్నారు. సుప్రీంకోర్టు చివరి మాట 2008 డిసెంబరులో వచ్చింది, ఇరవై మూడేళ్లకు. చుండూరు దళితులది ఇంకా కఠినం. 1991 ఆగస్టు 6న ఇలాంటి దాడిలోనే ఎనిమిది మందిని పోగొట్టుకుని, విచారణ మా ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి, ప్రత్యేక కోర్టును ఊళ్లోకి తెచ్చుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వాళ్లు మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

ఈ మనుషులను కాగితాల్లో ‘బాధితులు’ అంటారు. బాధ పొందినవారు, అంతే. ఆ మాటలో వాళ్లు చేసిన పని ఒక్కటీ లేదు. చీరాల విజయనగర్ కాలనీలో ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు, బోనెక్కి జరిగింది చెప్పుకున్నారు, సంఘం పెట్టుకున్నారు. ఇన్ని ‘కొను’లున్న కథను ఒక తెలుగు చిత్రకారుడు బొమ్మల పుస్తకంగా గీయాలని నా కోరిక. రెక్కలూ ముసుగూ అక్కర్లేదు. గొడ్డళ్లకు రెండు గడులిస్తే చాలు. సాక్ష్యం చెప్పేవాళ్లకు, కోర్టు వరండాలో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకు, వెనక్కి రామని చెప్పిన ఆ శిబిరానికి మిగతా పేజీలన్నీ ఇవ్వాలి. మొదటి పేజీ నిండా బిందె ఎత్తిన ఆ మహిళను గీయాలి.