మనసు ఓపీలో ఒంటి లెక్క: నిజామాబాద్, బోధన్ ప్రాంతాల్లో తీవ్ర మానసిక రోగుల శారీరక వైద్యం

2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు ముమ్మరం చేసింది. దుకాణాల్లో మందు కలపని కల్లు అమ్మడం మొదలైన కొద్ది రోజులకే నిజామాబాద్ పెద్దాసుపత్రి మంచాలు నిండిపోయాయి. చేతుల వణుకు, ఫిట్స్, నాలుక కరుచుకోవడం, ఎదుట లేని మనుషులతో మాట్లాడటం, ఉన్నట్టుండి లేచి పరుగెత్తడం. కొందరిని మంచాలకు కట్టేయాల్సి వచ్చింది. కొందరి ప్రాణాలు పోయాయి. మహబూబ్‌నగర్ జిల్లాలోనూ ఇదే పరిస్థితి. కల్లు దొరక్క పిచ్చి లేసిందని ఊళ్లలో చెప్పుకున్నారు.

అది పిచ్చి కాదు. ఈత, తాటి చెట్లు గీస్తే వచ్చే కల్లు దుకాణాల గిరాకీకి ఏ మూలకూ చాలదు. అందుకని నీళ్లు కలిపి పెంచుతారు, పోయిన మత్తును క్లోరల్ హైడ్రేట్‌తోనో, ఈ ప్రాంతంలో డైజోఫాం అని పిలిచే డైజీపామ్‌తోనో, అల్ప్రజోలంతోనో తెచ్చిపెడతారు. ఏళ్ల తరబడి రోజూ రెండు పూటలా అది తాగిన మెదడుకు ఆ మందు ఒక్కసారిగా అందకపోతే మూర్ఛలు వస్తాయి, మతి చెదురుతుంది. అర్ధరాత్రి అలాంటి మనిషిని తీసుకొస్తే డ్యూటీ డాక్టరు ఏమనుకోవాలి? సోడియం పడిపోయిందా, షుగర్ పడిపోయిందా, కింద పడి తలకు దెబ్బ తగిలిందా, మెదడువాపా, మందు ఆగిపోవడమా? రక్తపరీక్ష లేకుండా చెప్పడం కుదరదు. ఆ రోజుల్లో జనరల్ మెడిసిన్ వాళ్లూ మానసిక వైద్యులూ ఒకే మంచం దగ్గర నిలబడక తప్పలేదు. ఉపద్రవం తగ్గాక ఎవరి ఓపీ గదికి వాళ్లు వెళ్లిపోయారు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రుల పాలైనప్పుడు కొన్నాళ్లు మళ్లీ కలిశారు.

ఆపద రోజుల్లో కుదిరిన ఆ కలయిక మామూలు రోజుల్లో ఎందుకు లేదన్నదే ఈ వ్యాసం ప్రశ్న. ఇక్కడ నా దృష్టి కల్లు బాధితుల మీద కాదు. స్కిజోఫ్రేనియా, బైపోలార్ లాంటి దీర్ఘకాలిక తీవ్ర రుగ్మతలతో ప్రతి నెలా మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చి మాత్రలు తీసుకువెళ్లేవారి మీద. మన విధానకర్తలు నలభై ఏళ్లుగా మనసు వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీ) చేర్చడం గురించే మాట్లాడారు. ప్రాథమిక వైద్యాన్ని మనసు ఓపీకి చేర్చాలన్న ఆలోచన మాత్రం ఎవరి పనుల జాబితాలోకీ రాలేదు.

చరిత్ర చూస్తే ఇది తెలుస్తుంది. 1970ల మధ్యలో బెంగళూరు శివార్లలోని సకలవారలో, హర్యానాలోని రాయపూర్ రాణిలో జరిగిన ప్రయోగాల సారం ఒక్కటే: పీహెచ్‌సీ డాక్టరుకూ ఆరోగ్య కార్యకర్తకూ శిక్షణ ఇస్తే పల్లెలోనే మానసిక జబ్బులను గుర్తించి మందు ఇవ్వవచ్చు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, తర్వాత దాన్ని ఒక జిల్లా అంతటా అమలు చేసి చూసిన బళ్లారి నమూనా, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చాయి. ఆ జిల్లా కార్యక్రమానికి మొదట ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో మన మెదక్ ఒకటి, అంటే నిజామాబాద్‌కు పొరుగునే. ఆ దారి తప్పని నేను అనను. హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి తప్ప గతిలేని రోజుల్లో, సుమారు 175 కిలోమీటర్లు పోలేక గొలుసులతో కట్టేసిన కాలంలో అది అవసరమే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ కూడా మానసిక సేవలను సాధారణ వైద్యంలో అన్ని అంచెల్లోనూ కలపమంటుంది. అయితే అదే చట్టంలో 21వ సెక్షన్ ఉంది: ఆరోగ్య సేవలు అందించడంలో మానసిక రోగిని శారీరక రోగితో సమానంగా చూడాలి. మన దగ్గర 18ని గురించి మాట్లాడినంతగా 21ని గురించి మాట్లాడరు.

తీవ్ర మానసిక రోగులు మిగతావారికన్నా పది నుంచి ఇరవై ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆత్మహత్యలే కారణమని చాలామంది అనుకుంటారు. అవీ ఉన్నాయి, కానీ ఎక్కువమందిని తీసుకుపోయేవి గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, ఊపిరితిత్తుల వ్యాధులే. ఈ విషయంపై ఆ సంస్థ 2018లో ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. భారతదేశంలో 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. తీవ్ర రుగ్మతలున్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మందికి చికిత్సే అందడం లేదని ఆ సర్వే తేల్చింది. అందుతున్న ఆ నాలుగో వంతు అదృష్టవంతుల ఒంటి సంగతి ఎవరికి పట్టింది?

ఒక ఓపీ చీటీని తీసుకుందాం. ఏ ఒక్కరిదో కాదు, ఇలాంటివి ఎన్నో. ఒలాంజపిన్ 10 మిల్లీగ్రాములు రాత్రికి, ట్రైహెక్సిఫెనిడిల్ 2 మిల్లీగ్రాములు పొద్దున, ముప్పై రోజులకు. కింద "రిపీట్". వచ్చే నెలా అదే, పై నెలా అదే. ఒలాంజపిన్ ఆకలిని పెంచుతుంది, మొదటి కొద్ది వారాల్లోనే బరువు పెరగడం మొదలవుతుంది, షుగర్‌కు దారి వేస్తుంది. మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలకు బరువు చూడాలనీ, మూడో నెలలో రక్తంలో షుగర్, కొవ్వు చూసి ఆపై షుగర్ ఏటా, కొవ్వు ఐదేళ్లకోసారి మళ్లీ చూడాలనీ అమెరికా మధుమేహ, మానసిక వైద్య సంఘాలు 2004లోనే ఉమ్మడిగా చెప్పాయి. మన చీటీలో బరువు గడి ఉంటుంది, అంకె ఉండదు. మూడేళ్ల తర్వాత ఆ రోగి రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నాడని తల్లి చెబితే "నిద్ర సరిగా లేదు" అని రాసి మందు మోతాదు పెంచే ప్రమాదం ఉంది. అతనికి వచ్చింది షుగర్. మానసిక రోగి చెప్పే ప్రతి బాధనూ మనసు ఖాతాలో వేసే ఈ అలవాటు వైద్యశాస్త్రానికి కొత్త కాదు, అంతటా ఉన్నదే.

నిజామాబాద్ బీడీల జిల్లా. ఇక్కడి ఇళ్లలో ఆడవాళ్ల ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు మామూలు దృశ్యం. స్కిజోఫ్రేనియా ఉన్నవారిలో పొగతాగేవారి శాతం చాలాచోట్ల ఎక్కువే, బీడీ చేతికందే చోట చెప్పేదేముంది. కానీ బీడీ ప్రభావం గుండెతోనే ఆగదు. పొగలోని రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమును చురుకు చేస్తాయి. అది ఒలాంజపిన్‌నూ క్లోజపిన్‌నూ త్వరగా కరిగించేస్తుంది. అందుకే పొగతాగే రోగికి డాక్టరు మోతాదు పెంచుతూ పోతాడు. అదే రోగి ఊపిరాడక జనరల్ వార్డులో చేరి బీడీ మానేశాడనుకోండి. కొద్ది రోజుల్లోనే రక్తంలో మందు పేరుకుపోతుంది, మత్తుగా పడి ఉంటాడు, క్లోజపిన్ అయితే ఫిట్స్ కూడా రావచ్చు. జనరల్ వార్డులో ఈ సంగతి తెలిసినవారెవరు? మనసు ఓపీలో కూర్చున్న డాక్టరుకు తెలుసు, అతనికి ఈ అడ్మిషన్ సంగతి తెలియదు.

లిథియం కథ ఇంకా దగ్గరది. లీటరు రక్తంలో 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంటే మందు, 1.5 దాటితే విషం. మే నెలలో బోధన్ పొలాల్లో 44 డిగ్రీల ఎండకు చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి పనిచేసే మనిషిలో ఆ అంకె దానంతటదే పైకి పోతుంది. నడుం నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది వేయించుకుంటే ఇంకొంచెం. బీపీ ఉందని ఆరోగ్య కేంద్రంలో టెల్మిసార్టాన్ ఇస్తే మరింత. లిథియం రాసిన మానసిక వైద్యుడితో కలిపి ముగ్గురూ తమ తమ పని సరిగ్గానే చేశారు. ఆర్‌ఎంపీ సంగతి పక్కన పెడితే ఇద్దరు ఎంబీబీఎస్‌లు, ఇద్దరివీ ప్రభుత్వ మందులే. అమ్లోడిపిన్ ఇస్తే చాలా మటుకు సరిపోయేది. కానీ రోగి లిథియం వాడుతున్నాడని బీపీ బుక్కులో రాయలేదు, బీపీ ఉందని మానసిక ఓపీ చీటీలో రాయలేదు.

బోధన్‌కు ప్రత్యేకమైన పరిస్థితి ఒకటుంది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక చెరుకు వచ్చింది, చెరుకు వెనక 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. 2002లో అది ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు పోయిన చోట వరి వచ్చింది. ఈ మూతను పై జబ్బులతో నేరుగా ముడిపెట్టడం అతి అవుతుంది, నేనలా చేయను. అయితే జీతం ఆగిన ఇంట్లో స్కిజోఫ్రేనియా ఉన్న కొడుకును ఎవరు చూస్తారన్నది వైద్యానికి సంబంధించిన ప్రశ్నే. మరో కొడుకు దుబాయిలో ఉంటాడు. మిగిలేది తల్లి. ఆమెకూ షుగరే, బీపీనే. తన బీపీ మందుకు ఒక రోజు, కొడుకు మందుకు ఒక రోజు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఆమెకు టికెట్ ఖర్చు లేదు, కొడుక్కి ఉంది. కొడుకును షుగర్ పరీక్షకు మూడో రోజు మూడో చోటుకు పంపమని రాసే డాక్టరుకు ఈ లెక్క తెలిసి ఉండాలి.

పీహెచ్‌సీకే పంపితే సరిపోదా అని ప్రశ్న రావచ్చు. ఊళ్లో పీహెచ్‌సీ వరుసలో నిలబడితే "మెంటలోడు వచ్చిండు" అంటారు. సిబ్బందికి భయం, రోగికి అనుమానం, తల్లికి సిగ్గు. మానసిక ఓపీలో మాత్రం ప్రతి నెలా మందు కోసం ఎలాగూ వస్తాడు. వచ్చిన చోటే తూకం వేసి, బీపీ చూసి, రక్తం తీయడం సులువు. నిజామాబాద్‌లో 2021 జూన్ నుంచి తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రం ఉంది. పీహెచ్‌సీల నుంచి నమూనాలు అక్కడికి చేరుతాయి, ఉచితం. థైరాయిడ్, క్రియాటినిన్, కొవ్వు, మూడు నెలల షుగర్ సగటు, ఇవన్నీ దొరికే పరీక్షలే. బరువు పెరగకుండా ఆపడానికి పనికొచ్చే మెట్‌ఫార్మిన్ ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉండేదే. కొత్తగా కొనాల్సింది ఒక తూకపు మిషను, కొలత టేపు.

పరీక్షలు చేసినంత మాత్రాన మనుషులు బతికిపోరన్నదీ నిజమే. అమెరికాలో 2009లో మొదలైన ఇలాంటి కార్యక్రమాన్ని ర్యాండ్ సంస్థ పరిశీలిస్తే కొవ్వు, షుగర్ వంటి కొన్నిట్లో స్వల్ప మెరుగుదల కనిపించింది, బరువు, పొగతాగడం మాత్రం కదల్లేదు. ఇంగ్లాండులో 76 క్లినిక్కుల్లో చేసిన ప్రిమ్‌రోజ్ అధ్యయనంలో (2018) నర్సుల ప్రత్యేక శ్రద్ధ వల్ల ఏడాది తర్వాత కొవ్వులో తేడా తేలలేదు. ఇక్కడ ఒక భేదం గమనించాలి. ఇంగ్లాండులో పోల్చి చూసిన మామూలు వైద్యంలోనే ఏటా ఒంటి పరీక్ష ఉంది. మన మామూలు వైద్యంలో అదే లేదు. సున్నా నుంచి ఒకటికి పోవడం వేరు, ఒకటి నుంచి రెండుకు పోవడం వేరు. భారతదేశంలోనే గోవా, సతారా, తమిళనాడుల్లో 282 మందితో జరిగిన కోప్సి అధ్యయనం (2014) స్థానిక కార్యకర్తలు ఇంటికి వెళ్లి తోడుగా నిలిస్తే స్కిజోఫ్రేనియా లక్షణాలూ వైకల్యమూ కొంత తగ్గుతాయని చూపింది. ఆ కార్యకర్త చేతికి బీపీ మిషను కూడా ఇవ్వడమే నేను కోరేది.

అసలు అడ్డంకి డబ్బు కాదు, శాఖల సరిహద్దు. నిజామాబాద్ జనరల్ ఆసుపత్రి వైద్యవిద్య సంచాలకుల కింద ఉంది. బోధన్ ప్రభుత్వ ఆసుపత్రి వేరే విభాగం కింద ఉంది. రెంజల్, ఎడపల్లి వంటి చోట్ల ఆరోగ్య కేంద్రాలు జిల్లా వైద్యాధికారి చేతిలో ఉన్నాయి. మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఒక రిజిస్టరు, షుగర్-బీపీ కార్యక్రమానికి ఇంకో రిజిస్టరు. మనిషి ఒకడే అయినా పేరు రెండు చోట్ల, రెండు నెంబర్లతో ఉంటుంది. దీనికి కమిటీలు అక్కర్లేదు. మానసిక ఓపీలో షుగర్-బీపీ కార్యక్రమానికి చెందిన ఒక నర్సును కూర్చోబెట్టి, ఆమె రాసిన బుక్కే ఊరి ఏఎన్‌ఎం దగ్గర చెల్లుతుందని జిల్లా వైద్యాధికారి, జనరల్ ఆసుపత్రి సూపరింటెండెంటు కలిసి ఉత్తర్వు ఇస్తే చాలు. ఆ నర్సు పని మానసిక వైద్యుడి మీద పడకూడదు. ఒక్కరే డాక్టరు, బయట వంద మంది ఉన్న ఓపీలో ఆయన బరువులు చూస్తాడనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

పరిశోధన ఎక్కడ మొదలుకావాలో కూడా చెప్పాలి. 2013లో తొలి బ్యాచ్ చేరిన నిజామాబాద్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఇప్పుడు చదువుకునే పిల్లలకు ప్రాజెక్టు విషయాలు కావాలి. సంవత్సరం పాటు మానసిక ఓపీకి క్రమంగా వచ్చిన రోగుల చీటీలు తీసి మూడే అంకెలు లెక్కించవచ్చు: ఎంతమందికి ఒక్కసారైనా బరువు చూశారు, ఎంతమందికి షుగర్ చూశారు, లిథియం వాడేవారిలో ఎంతమందికి క్రియాటినిన్ చూశారు. ఇంటిపేర్లు, ఊరిపేర్లు అక్కర్లేదు, ఎథిక్స్ కమిటీ అనుమతి కష్టం కాదు. నాలుగో గడి ఒకటి కలిపితే ఇంకా మంచిది: ఆ రోగిని కల్లు సంగతి, ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఎవరైనా అడిగి రాశారా.