పుంగనూరులో అమెరికా దీపం

మా చెల్లెలు అమెరికా నుండి వస్తూ పుంగనూరులోని అమ్మమ్మగారింటికి ఒక బల్లదీపం తెచ్చింది. ఇత్తడి కాండం, రంగుగాజు ముక్కలు అతికిన గొడుగు, రెండు చదునైన పుల్లల ప్లగ్గు. “అడాప్టరు కూడ కొన్నాను, ఇంకేం కావాలి?” అన్నది. అడాప్టరు ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. వోల్టేజిని తగ్గించదు, లేని ఎర్తును తేలేదు. ఈ మాట ఇంట్లో వివరించబోయి కొంత చరిత్ర తిరగవేయవలసి వచ్చింది.

1882లో ఎడిసన్ న్యూయార్కులో దీపాలు వెలిగించినది సుమారు 110 వోల్టులతో. ఐరోపా తరువాత 220 వైపు నడిచింది. రాగితీగల ఖర్చు కలిసివచ్చింది. అమెరికా ఇళ్ళు 120 దగ్గరే ఆగాయి. మనది 230. అక్కడి పాతరకం బల్బును ఇక్కడ వెలిగిస్తే దానిపై పడే శక్తి మూడు రెట్లు మించిపోతుంది. మన మూడు గుండ్రటి పుల్లల ప్లగ్గు 1934 నాటి బ్రిటిషు ప్రమాణం. తమాషా ఏమంటే, వారు మన దేశాన్ని విడిచిన 1947లోనే తమకు చదరపు పుల్లల ప్లగ్గును నిర్ణయించుకున్నారు. కువైటు నుండి మదనపల్లె వైపు వచ్చే దీపాలకు ఉండేది అదే. వాటికి వోల్టేజి చిక్కు లేదు.

ఇటువంటి పొసగని జతలు మా ప్రాంతానికి కొత్త కావు. కుప్పంలో రైలెక్కి బంగారుపేట మీదుగా మన పల్లెలవారెందరో కోలారు బంగారు గనులకు కూలికి వెళ్ళారు. 1902లో ఆ గనులకు కావేరి మీది శివసముద్రం నుండి దాదాపు 147 కిలోమీటర్ల తీగలపై విద్యుత్తు వచ్చింది. యంత్రాలు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ వారివి, అనగా ఎడిసన్ వారసులవి. ఆ విద్యుత్తు సెకనుకు 25 ఆవృత్తులది. నేటి మన కరెంటు 50. దానిపై నడిచే మోటారు ఆ లెక్కకే తయారై ఉండాలి. కుప్పం పక్కనే ఉన్నా అది వేరే లోకం.

దీపాన్ని మదనపల్లెలో తెలిసిన ఎలక్ట్రీషియను దగ్గరకు తీసుకువెళ్ళాను. లోపల ట్రాన్స్‌ఫార్మరు వంటిదేమీ లేదు గనుక పని సులువే అన్నాడు. పాత వైరు, హోల్డరు, స్విచ్చు, అన్నీ తీసివేశాడు. మూడు తీగల వైరు వేసి, ఆకుపచ్చ తీగను ఇత్తడి కాండానికి మరతో గట్టిగా బిగించాడు. మరల హోల్డరులో ఫేజు అడుగున నడుమనున్న బొడిపెకు, న్యూట్రల్ చుట్టూ ఉన్న మరలకు పోవాలి. తారుమారైతే బల్బు మార్చేటప్పుడు వేలికి తగిలేది ఫేజే. వైరు లోహాన్ని ఒరుసుకోకుండా రంధ్రానికి రబ్బరు కట్టు తొడిగాడు. 230 వోల్టుల ఎల్ఈడీ బల్బు పెట్టి, మీటరుతో ప్లగ్గు పెద్ద పుల్లకూ కాండానికీ మధ్య కలయిక చూశాడు.

“అమ్మమ్మగారింట్లో ఎర్తు ఉందా సార్?” అని అడిగాడు.

“మూడు రంధ్రాల సాకెట్టే.”

“రంధ్రం ఉంటే ఎర్తు ఉన్నట్టేనా?”

మరునాడు పుంగనూరు వచ్చి మెయిను ఆపి సాకెట్టు విప్పి చూపించాడు. పై రంధ్రం వెనుక తీగే లేదు. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె, మిక్సీ, ఫ్రిజ్జు ఆ ఖాళీ రంధ్రాన్ని నమ్ముకునే నడిచాయి! పిల్లలందరూ చేయి వేసే ఇత్తడి దీపాన్ని అక్కడే పెట్టబోయాము.

పెరట్లో గొయ్యి తీయించి, గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ పొరలుగా నింపించాము. సాకెట్లన్నిటికీ ఎర్తు తీగ లాగించి, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికి కరెంటు తెంచే స్విచ్చు పెట్టించాము. దీపం కంటె దీని ఖర్చే ఎక్కువైనది. మా సీమ నేల వేసవిలో ఎండి బిగుసుకుంటే ఎర్తు బలహీనపడుతుంది. అందుకే అమ్మమ్మ తులసికి పోసిన చెంబుతోనే ఆ గొయ్యికీ నీళ్ళు పోస్తున్నది.