రాయగడ, కోరాపుట్ పట్టణాల్లో దైనందిన ఆరోగ్యం: తిండి, కదలిక, విశ్రాంతి

ఒడిశా దక్షిణ కొసన, తూర్పు కనుమల్లో కోరాపుట్, రాయగడ జిల్లాలు ఉన్నాయి. ఈ జిల్లాల పట్టణాల్లో ఫ్యాక్టరీ, రైల్వే, బడి, బ్యాంకు, దుకాణం పనుల్లో తీరిక లేకుండా గడిపే పెద్దవాళ్ళు ఒళ్ళు నిలబెట్టుకోవడానికి పాటిస్తున్న అలవాట్లు, పాటించదగిన అలవాట్లు ఈ వ్యాసానికి విషయం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాకు చెందిన జయపురం జమీందారీగా ఉండేది. 1992లో కోరాపుట్ నుంచి రాయగడ వేరు జిల్లా అయింది. రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ పట్టణాల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అందుకే ఇక్కడి వంటింట్లో పప్పుచారు పక్కనే డాల్మా ఉడుకుతుంది. చోడి అంబలి అన్నా, మాండియా జావు అన్నా ఇక్కడివాళ్ళకు ఒకటే గిన్నె గుర్తొస్తుంది.

పని మారిన తీరు

ఈ కొండల్లో పాత జీవనమంటే రోజంతా ఒళ్ళు వంచడమే. పోడు కొట్టడం, నీళ్ళు మోయడం, సంతకు కోసుల దూరం నడవడం అప్పట్లో మామూలు సంగతులు. ఆ పనికి తగ్గట్టు తిండిలో గింజల వాటా చాలా ఎక్కువగా ఉండేది. 1962లో రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు మొదలైంది. 1960ల్లోనే సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్ల కోసం హెచ్‌ఏఎల్ కర్మాగారం వచ్చింది. 1980ల్లో దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం, దానికి ఖనిజాన్ని అందించే పంచపట్మలి బాక్సైట్ గనులు వచ్చాయి. తెరుబలిలో ఫెర్రో క్రోమ్ కొలిమి ఉంది. వీటి చుట్టూ కాలనీలు, బడులు, ఆఫీసులు, కిరాణా కొట్లు పెరిగాయి. రెండు తరాల్లో పొలం పని కుర్చీ పనిగానో, యంత్రం ముందు నిలబడే పనిగానో మారింది, పళ్ళెంలో అన్నం కుప్ప మాత్రం తాతల నాటి కొలతలోనే ఉండిపోయింది. ఇక్కడి పట్టణాల్లో నడుము చుట్టూ చేరే కొవ్వుకూ, రక్తంలో చక్కెరకూ మూలం చాలావరకు ఈ పొంతన లేకపోవడంలోనే ఉంది. భారతీయుల విషయంలో శరీర ద్రవ్యరాశి సూచి (బీఎంఐ) 23 దాటితేనే అధిక బరువుగా వైద్యులు లెక్కిస్తారు. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇంట్లో దర్జీ టేపు ఉంటే చాలు, ఈ కొలత ఎవరైనా తీసుకోవచ్చు.

కొండ తిండి అంతా అమృతమని చెప్పడం కూడా సరికాదు. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో మామిడి టెంకలోని పప్పుతో కాచిన జావ తాగి గిరిజనులు ప్రాణాలు కోల్పోయారు. వానాకాలపు కొరతలో నిల్వ ఉంచిన ఆ పప్పే వాళ్ళకు దిక్కయింది. ఒకే జిల్లాలో ఒక ఇంట్లో తిండి చాలక బాధ, మరో ఇంట్లో తిండి ఎక్కువై బాధ. కింద చెప్పే సలహాలు ఈ రెండో రకం ఇళ్ళకే వర్తిస్తాయి.

చోళ్ళు

ఉత్తరాంధ్రలోనూ ఇక్కడి తెలుగిళ్ళలోనూ రాగుల్ని చోళ్ళు అంటారు, ఒడియాలో మాండియా. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు, 4.6 మిల్లీగ్రాముల ఇనుము, 7 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములైనా ఉండదు. 40 గ్రాముల పిండితో కాచిన ఒక పెద్ద గ్లాసు అంబలి 130 కేలరీల శక్తినీ, పెద్దవాళ్ళకు రోజూ కావలసిన 1000 మిల్లీగ్రాముల కాల్షియంలో ఏడో వంతునూ ఇస్తుంది. పాలు పడనివాళ్ళకు, పాలు కొనలేనివాళ్ళకు ఇది చిన్న మేలు కాదు.

అంబలి కాయడంలో ఒక పద్ధతి ఉంది. రాత్రి చోడి పిండిని నీళ్ళలో కలిపి మూత పెట్టి పులియనిస్తారు. పొద్దున నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి, ఉండ కట్టకుండా కలుపుతూ కాస్తారు. చల్లారాక మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ చేరతాయి. కొండ పల్లెల్లో దీన్ని ఎండిన ఆనపకాయ బుర్రలో పోసుకుని పొలానికి తీసుకెళ్తారు. పులియబెట్టడం రుచి కోసమే కాదు. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఇనుమునూ, కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వకుండా బిగించి ఉంచుతుంది. పులిసినా, మొలకెత్తినా ఆ బిగువు సడలుతుంది. నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరి పచ్చడి నంజుకున్నా ఇనుము మరికొంత ఎక్కువ పడుతుంది. అంబలి తాగిన వెంటనే టీ తాగితే ఆ లాభం చాలావరకు పోతుంది, ఒక గంట ఆగితే మంచిది.

సంచుల్లో అమ్మే చోడి బిస్కట్లు, తీపి మాల్టు పొడులు ఈ లెక్కలోకి రావు. వాటిలో చాలావాటికి పేరు చోడిది, బరువు మైదాదీ చక్కెరదీ. పొట్లం వెనక ముద్రించిన పదార్థాల వరుస చదివితే ఏది ముందుందో, అంటే ఏది ఎక్కువుందో, తెలిసిపోతుంది. మరపట్టించిన పిండి మంచిది, చవక కూడా.

కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఒడిశా ప్రభుత్వం 2017లో ఏడు జిల్లాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టినప్పుడు ఈ రెండు జిల్లాలూ అందులో ఉన్నాయి. నవంబరు 10ని ఆ రాష్ట్రం మాండియా దినంగా జరుపుతోంది. ఇక్కడి దేశవాళీ గింజలు ఇవాళ్టిదాకా నిలిచింది ఆడవాళ్ళ చేతుల్లోనే. వరి వంగడాల్ని కాపాడినందుకు కోరాపుట్ జిల్లా రైతు కమలా పూజారికి 2019లో పద్మశ్రీ దక్కింది. అదే జిల్లాకు చెందిన రాయిమతి ఘియురియా పదుల సంఖ్యలో చిరుధాన్యాల రకాల్ని దాచి, 2023లో ఢిల్లీ జీ20 సదస్సులో వాటిని ప్రదర్శించారు. రాయగడ బజార్లో చోడి పిండి కొనే గుమాస్తా ఆ శ్రమ ఫలాన్నే ఇంటికి తీసుకెళ్తున్నాడు.

పప్పు, కూర, సంత

చోళ్ళతో పని అంతా అయిపోదు. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గ్లాసు అంబలిలో ఉండేది 3 గ్రాములే. మిగిలింది కందిపప్పు, ఉలవలు, గుడ్లు, చేపలు, పాల నుంచి రావాలి. ఉలవల్లో 100 గ్రాములకు 22 గ్రాముల దాకా ఉంటాయి, ఒక గుడ్డులో ఆరున్నర. జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో 2000 కేలరీల రోజుకు 250 గ్రాముల ధాన్యం, 85 గ్రాముల పప్పు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 35 గ్రాముల పలుకులు, నూనెగింజలు ఉన్నాయి. రెండు పూటలా అన్నమే కేంద్రంగా తినే ఇంట్లో ధాన్యం ఈ కొలతను సులువుగా దాటేస్తుంది, పప్పు సగానికీ చేరదు.

అన్నం మానెయ్యమని చెప్పడం ఈ ప్రాంతంలో పనికిమాలిన సలహా. ముందు కూర, పప్పు వడ్డించుకుని, అన్నం తర్వాత పెట్టుకుంటే కుప్ప దానంతట అదే తగ్గుతుంది. ఒడియావాళ్ళ డాల్మా ఈ పనికి చక్కగా సరిపోతుంది. పప్పులోనే గుమ్మడి, అరటికాయ, బొప్పాయి కాయ, వంకాయ వేసి ఉడికించి, చివర్లో చెంచాడు నెయ్యితో జీలకర్ర, ఎండుమిరప పోపు పెడతారు. ఒకే కుక్కర్లో పప్పూ కూరా రెండూ అయిపోతాయి కాబట్టి షిఫ్టు నుంచి వచ్చి వంట చేసుకునేవాళ్ళకు ఇంతకన్నా తేలికైనది లేదు. మన దప్పళంలో ఒక గుప్పెడు కందిపప్పు వేసినా అంతే.

కూరగాయల సంగతి సంతతో ముడిపడి ఉంటుంది. రాయగడ జిల్లా చాటికోనలో బుధవారం సంతకు నియమగిరి కొండల నుంచి డోంగ్రియా కంధ గిరిజనులు అనాసపండ్లు, పనసకాయలు, పసుపు, అరటి దించుతారు. వారానికి ఒకసారి కొనే ఇంట్లో ఆకుకూరలు మొదటి రెండు రోజులకు, బెండ, వంకాయ ఆ తర్వాతి రోజులకు, గుమ్మడి, చిలగడదుంప, కంద వారం చివరికి అని అనుకుని కొంటే ఆఖరి రోజుల్లో ఆలుగడ్డ వేపుడే దిక్కన్న పరిస్థితి రాదు. పెరట్లో ఒక మునగచెట్టు ఉంటే ఆకుకూరకు సంతే అక్కర్లేదు. వానాకాలంలో దొరికే వెదురు కొమ్ముల్ని, ఒడియాలో కరడి అంటారు, నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి బాగా ఉడికించాకే తినాలి. పచ్చివాటిలో విషపదార్థం ఉంటుంది.

వలిసెల పూలతో శీతకాలం మొదట్లో కోరాపుట్ పొలాలు పసుపు దుప్పటి కప్పుకుంటాయి. వేయించిన వలిసెల పొడి అన్నంలోకి మంచి ఆదరువు, మంచి కొవ్వు కూడా. ఎండుచేపలో మాంసకృత్తులు దండిగా ఉన్నా ఉప్పూ అంతే ఉంటుంది. రోజుకు ఉప్పు 5 గ్రాములు దాటకూడదు కాబట్టి ఎండుచేప వండిన పూట ఊరగాయ జాడీ ముట్టకపోవడం మేలు.

నడక, బలం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం అవసరం. ఒక్కసారి కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును ఈ సూచనల్లో తీసేశారు. తీరిక లేనివాళ్ళకు ఇదే అసలైన శుభవార్త. మెట్లెక్కిన రెండు నిమిషాలూ, స్టేషన్‌కు నడిచిన ఐదు నిమిషాలూ కలిపి లెక్కకొస్తాయి. నడుస్తూ మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే ఆ వేగం సరైనది.

కోరాపుట్ పట్టణం దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1672 మీటర్లు, ఈ జిల్లాలోనే ఉంది. ఇక్కడ ఏ వీధి పట్టుకున్నా ఎగుడుదిగుడే కాబట్టి మైదానంలో అరగంట నడక ఇచ్చే శ్రమ ఇరవై నిమిషాల్లోనే దక్కుతుంది. దిగేటప్పుడు మాత్రం మోకాళ్ళ మీద భారం పడుతుంది. చిన్న అడుగులు వెయ్యాలి. నాగావళి ఒడ్డున పల్లంలో ఉన్న రాయగడలో వేసవి ఎండ వేరు, అక్కడ సూర్యుడు పైకి రాకముందే నడక ముగించాలి. సెమిలిగుడ, సునాబెడల్లో శీతకాలపు తెల్లవారుజాములు ఒంట్లో వణుకు పుట్టిస్తాయి. బయటికి వచ్చేముందు ఇంట్లోనే ఐదు నిమిషాలు చేతులూ కాళ్ళూ ఆడించి ఒళ్ళు వేడెక్కించుకోవాలి.

బలం విషయంలో జిమ్ములు లేవని చింతించనక్కర్లేదు. రాయగడకు దగ్గర్లోనే, ఆంధ్ర సరిహద్దుకు అవతలి వీరఘట్టం, మల్లయోధుడు కోడి రామమూర్తి పుట్టిన ఊరు. 1942లో కన్నుమూసిన ఆయన చివరి రోజులు గడిచింది ఒడిశా గడ్డ మీదే. ఆయన కాలపు తాలింఖానాల్లో దండీలు, బస్కీలే మూలధనం. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆన్చి దండీలు తీయడం, రెండు చేతుల్లో నీళ్ళ బకెట్లు పట్టుకుని నడవడం, ఈ మూడూ వారానికి రెండుసార్లు, పావుగంట చొప్పున చేస్తే మొదలుపెట్టేవాళ్ళకు సరిపోతుంది. కొత్తలో మర్నాడో ఆ మర్నాడో కండరాలు నొప్పెడతాయి. అది మామూలే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. అదే కండరాలకు మళ్ళీ పని పెట్టేముందు 48 గంటలు ఆగాలి.

షిఫ్టు, నిద్ర

కాగితం మిల్లు, అల్యూమినా కర్మాగారం, కొలిమి, రైలు, వీటికి రాత్రి లేదు. పగలు పడుకునేవాళ్ళకు నిద్ర తెగిపోవడం ఇక్కడి అసలు సమస్య. దాన్ని ఎవరూ జబ్బుగా లెక్కించరు. పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అది తగ్గితే ఆకలి పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది, యంత్రం దగ్గర చెయ్యి తడబడుతుంది. రాత్రి షిఫ్టు ముగించి ఇంటికొచ్చినవాళ్ళు ఎండలో ఎక్కువసేపు గడపకుండా, తేలిగ్గా ఏదైనా తిని, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి గంటలోపే పడుకోవాలి. ఆ గంటల్లో ఇంటికి చుట్టాలు రాకుండా, ఫోను మోగకుండా చూడటం ఇంట్లో అందరి బాధ్యత. డ్యూటీ మధ్యలో అర్ధరాత్రి పూరీలు, పలావులకన్నా చిన్న గిన్నె గుగుని (బఠాణీ కూర), ఒక అరటిపండు మంచివి. ఆ వేళ కడుపుకు అరిగించే ఓపిక తక్కువ.

కోరాపుట్ కొండల్లో మంచి కాఫీ పండుతుంది. అయితే తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది, కాబట్టి పడుకునే వేళకు ఆరు గంటల ముందే కప్పు పక్కన పెట్టాలి. చోళ్ళతో చేసే లాండా అనే మద్యం, జీలుగు కల్లు నిద్ర పట్టిస్తాయని చాలామంది నమ్మకం. కళ్ళు మూతపడతాయి, నిజమే, కానీ ఆ నిద్ర రాత్రి రెండో సగంలో చెదిరిపోతుంది. మధ్యాహ్నం ఇరవై నిమిషాల కునుకు మాత్రం మేలు చేస్తుంది, అంతకు మించితే లేచాక మత్తు వదలదు.

ముందుగా చూపించుకోవాల్సినవాళ్ళు

దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ అనే రక్త వ్యాధి జన్యువు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. జబ్బు ఉన్నవాళ్ళకు నీళ్ళు తక్కువైనా, చలి తగిలినా, ఒక్కసారిగా ఒళ్ళు అలసినా ఒళ్ళంతా తట్టుకోలేని నొప్పి రావచ్చు. వాళ్ళు వైద్యుణ్ణి అడిగి, తరచుగా నీళ్ళు తాగుతూ, మెల్లగానే వ్యాయామం పెంచుకోవాలి. ఈ జబ్బు నిర్మూలనకు 2023లో జాతీయ కార్యక్రమం మొదలైంది. దాని కింద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష చేస్తారు, పెళ్ళి ఈడుకు వచ్చిన పిల్లలకు ఆ పరీక్ష తప్పక చేయించాలి. మలేరియా జ్వరం తగ్గినవాళ్ళు వారం రోజులకే పరుగుకు దిగకూడదు. ముందు ఆకలి తిరిగి రావాలి, తర్వాత వీధి చివరిదాకా నడక, ఆ తర్వాతే దండీలు, బస్కీలు. నడుస్తున్నప్పుడు గుండెలో బిగింపు వచ్చినా, ఎడమ చెయ్యి లాగినా అక్కడే ఆగి, పక్కనున్నవాళ్ళను పిలిచి, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.