రెండే పిజ్జాల మెనూ

టోక్యోలో నకమెగురో అని ఒక పేట. అక్కడి సెయిరిన్‌కన్ అనే దుకాణంలో మెనూ తెరిస్తే పిజ్జాలు రెండే కనిపిస్తాయి: మరినారా, మార్గెరీటా. మొదటిదాంట్లో చీజ్ కూడా ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. రెండోదాంట్లో టమాటా మీద మోజరెల్లా, నాలుగు బేసిల్ ఆకులు. లోపలంతా ఇనుము, మెలికలు తిరిగిన మెట్లు, వినిపించేవి బీటిల్స్ పాటలు. యజమాని సుసుము కకినుమా ఇటలీలోని నేపుల్స్ వెళ్లాడు గానీ, అక్కడ ఎవరి దగ్గరా శిష్యరికం చేయలేదు. దుకాణం తర్వాత దుకాణంలో తిన్నాడు, పొయ్యి దగ్గర చేతులు ఎలా కదులుతున్నాయో చూశాడు, తిరిగొచ్చి తనంతట తాను చేసుకున్నాడు. 1995లో టోక్యోలో ‘సవోయ్’ తెరిచాడు. సెయిరిన్‌కన్ 2007 నాటిది.

ఇప్పుడు జపాన్ పెద్ద నగరాల్లో రైల్వే స్టేషన్ దిగి రెండు సందులు తిరిగితే, పది పన్నెండు కుర్చీల పిజ్జా దుకాణం, అందులో నిండా కట్టెలతో మండే పొయ్యి కనపడటం వింతేమీ కాదు. కానీ జపాన్ పిజ్జా మొదట పట్టిన దారి ఇది కాదు. చాలాకాలం అది పైన ఏం వేద్దామా అని ఆలోచించింది. ఏం తీసేద్దామా అన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. నా లెక్కలో అసలు ఆవిష్కరణ ఆ రెండోదే.

మొదటి రోజుల కథలో వంటకన్నా యుద్ధమే ఎక్కువ. 1943లో ఇటలీ లొంగిపోయాక, జపాన్ రేవుల్లో చిక్కుబడిన ఇటలీ నావికుల్లో వంటవాళ్లూ ఉన్నారు. యుద్ధం ముగిశాక కొందరు కోబె చుట్టుపక్కలే ఉండిపోయి హోటళ్లు పెట్టుకున్నారు. టోక్యోలో పిజ్జాకు పేరు తెచ్చినవాడు మాత్రం నికొలా జపెట్టి. న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్ కుర్రాడు, అమెరికా మెరైన్ దళంతో వచ్చి నల్లబజారు వ్యాపారంలో దిగాడు. ఇంపీరియల్ హోటల్ వజ్రాల దోపిడీ కేసులో ఇరుక్కుని జైలు కూడా చూశాడు. 1950ల నడుమ రొప్పొంగిలో ‘నికొలాస్’ పెట్టాడు. అమెరికా సైనికులు, సినిమా తారలు, మల్లయోధుడు రికిడోజాన్, అతని వెనక ముఠా నాయకులు అక్కడే తినేవారు. ఈ బాగోతమంతా రాబర్ట్ వైటింగ్ ‘టోక్యో అండర్‌వరల్డ్’ అనే పుస్తకంలో రాశాడు. పిజ్జా కోసం కాకపోయినా, మనుషుల కోసం చదవదగ్గది.

మామూలు జపానీయుడికి ఆ పిజ్జా అందేది కాదు. ఆ రోజుల్లో అక్కడ చీజ్ అంటే ఫ్యాక్టరీలో చేసిన ప్రాసెస్డ్ చీజే. పిజ్జా అంటే విదేశీయుల తిండి, పైగా ఖరీదు. ఆ లోటును కాఫీ హోటళ్లు తమ పద్ధతిలో పూడ్చాయి. మందంగా కోసిన బ్రెడ్డు ముక్క మీద టమాటా సాసు, ఉల్లి, క్యాప్సికం, చీజ్ వేసి కాల్చి ‘పిజ్జా టోస్ట్’ అన్నాయి. టోక్యో యురకుచోలోని ‘బెనిషికా’ అనే కాఫీ హోటలు 1964లో దీన్ని మొదట చేసింది తామేనంటుంది. ఇటలీవాళ్లు చూస్తే తల పట్టుకుంటారేమో గానీ, ఒక తరం జపాన్ పిల్లలకు పిజ్జా రుచి తెలిసింది దీంతోనే.

తర్వాతి మలుపు స్కూటర్ మీద వచ్చింది. 1985లో హవాయికి చెందిన జపాన్ సంతతి వ్యాపారి ఎర్నెస్ట్ హిగా, టోక్యోలోని ఎబిసులో డొమినోస్‌కు జపాన్‌లో మొదటి శాఖ తెరిచాడు. ఇంటికి తిండి తెచ్చివ్వడం జపాన్‌కు కొత్త కాదు, నూడుల్స్ గిన్నెలు సైకిల్ మీద ఇళ్లకు చేరడం ఎప్పటి నుంచో ఉన్నదే. అరగంటలో వేడి వేడి పిజ్జా అన్న మాట మాత్రం కొత్తది. ఇరుకు సందుల్లో, వానలో నడపడానికి పైకప్పు ఉన్న మూడు చక్రాల బండి కావలసి వచ్చింది. హోండా 1990లో తెచ్చిన ‘జైరో కానపీ’ అలాంటిదే. టోక్యో వెళ్లినవాళ్లకు ఆ బండి ఇప్పటికీ కనపడుతుంది. డెలివరీ ఖర్చు మాత్రం బాగా పడేది. అందుకే అక్కడ ఇంటికి తెప్పించుకునే పిజ్జా ఇప్పటికీ పుట్టినరోజు పార్టీ ధరలోనే ఉంటుంది. దుకాణానికి మీరే వెళ్లి తెచ్చుకుంటే రెండోది ఉచితమని ఊరించేదీ అందుకే.

ఆ పెట్టెల్లో ఏముండేదంటే మొక్కజొన్న, మయొనైజ్, బంగాళాదుంప, తెరియాకి కోడి, స్క్విడ్. మన దగ్గర పనీర్ టిక్కా పిజ్జా చూసి ముక్కు విరిచేవాళ్లు ఉన్నట్టే, వీటిని చూసి నవ్వే విదేశీయులు చాలామంది ఉన్నారు. నాకైతే అందులో తప్పు కనపడదు. తినేవాడి నాలుకను బట్టే పైన వేసేది మారుతుంది.

ఇక తీసివేతల కథ. 1980ల చివర ఆర్థిక బుడగ ఉబ్బిన రోజుల్లో జపాన్‌కు ఇటలీ తిండి పిచ్చి పట్టింది. 1990లో దేశమంతా తిరమిసు తినింది. ఆ ఊపులో యువ వంటవాళ్లు ఇటలీ దారి పట్టారు. నేపుల్స్‌లో అప్పటికే, 1984లోనే, అసలైన పిజ్జా ఏదో తేల్చడానికి ఒక సంఘం పుట్టి నియమాలు రాసుకుంది. చపాతీ కర్ర వాడకుండా పిండిని చేత్తోనే సాగదీయాలి. కట్టెల పొయ్యి బాగా వేడెక్కి ఉండాలి. పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో దిగిపోవాలి. తాము ఏది నేర్చుకోవాలో ఇంత ఖచ్చితంగా రాసి ఉండటం జపాన్ కుర్రాళ్లకు కలిసొచ్చింది. 2010లో నేపుల్స్‌లో జరిగిన పోటీలో నగోయాకు చెందిన అకినారి మకిషిమా గెలిచాడు. పిజ్జా పుట్టిన ఊళ్లో!

అయితే ఈ పద్ధతి జపాన్ సందుల్లో ఎందుకు నిలదొక్కుకుంది? శ్రద్ధ, క్రమశిక్షణ అని అందరూ చెప్పే మాట కొంతవరకే నిజం. లెక్క కూడా కుదిరింది. ఒక పిజ్జా నిమిషన్నరలో కాలితే, ఒక పొయ్యి, ఒక మనిషి, పక్కన ఒక సహాయకుడు చాలు, పన్నెండు కుర్చీలకు వడ్డించేయొచ్చు. గదిలో పెద్ద భాగం పొయ్యే తినేసినా పర్వాలేదు. ఆ పొయ్యిలు చాలావరకు నేపుల్స్‌లోనే కట్టి ఓడలో పంపినవి, టన్నుకు పైగా బరువు. రెండు మూడు రకాలే చేస్తే ఫ్రిజ్‌లో సరుకు మురగదు. పిండి ముద్దలు ముందే లెక్కగా చేసి పులియబెడతారు. అవి అయిపోతే ఆ పూటకు దుకాణం మూసినట్టే. అద్దె మండే ఊళ్లో చిన్న దుకాణం బతకాలంటే మెనూ చిన్నదిగా ఉండాల్సిందే. పైగా సుషీ దుకాణంలో బల్లకు అవతల చేసేవాడిని చూస్తూ తినడం వాళ్లకు తరతరాల అలవాటు. పిజ్జావాడు ఆ చోటులో సులువుగా ఒదిగిపోయాడు.

గురువులు రాసింది అక్షరాలా పాటించినవాళ్లు కొందరైతే, దాటి వెళ్లినవాళ్లు మరికొందరు. టోక్యోలో కొన్ని చోట్ల పిజ్జా పెట్టే ముందు పొయ్యి నేల మీద ఉప్పు విసురుతారు, దోశకు ముందు పెనం మీద నీళ్లు చల్లినట్టు. ఆ ఉప్పు అడుగుకు అంటుకుంటుంది, మొదట నాలుకకు తగిలేది అదే. చివరి క్షణంలో పిడికెడు చెక్కపొట్టు వేసి మంట ఎగదోసేవాళ్లూ ఉన్నారు. త్సుబస తమాకి 2017లో హిగాషి అజబులో తెరిచిన ‘పిజ్జా స్టూడియో తమాకి’ ఈ రెంటికీ పేరుమోసింది. నేపుల్స్ పిజ్జా చేసే కళను యునెస్కో తన జాబితాలో చేర్చింది కూడా ఆ ఏడే. తమాకి అంచు నేపుల్స్ అంచులా ఉండదు. ఉండనక్కర్లేదు కూడా.

జపాన్ వెళ్లే శాకాహార తెలుగువాళ్లకు ఒక మాట. అక్కడ కూరగాయల వంటకంలోనూ, నూడుల్స్ పులుసులోనూ చేపతో కాచిన రసం ఉంటుంది. అది కంటికి కనపడదు, అడిగినా కొన్నిసార్లు తెలియదు. ఉద్యోగాలకు వెళ్లి టోక్యోలోని నిషికసాయిలో కాపురముంటున్న మనవాళ్లకు ఈ తిప్పలు బాగా తెలుసు. మరినారాలో ఆ గొడవ లేదు, చీజ్ తయారీలో వాడే రెన్నెట్ గురించి పట్టింపు ఉన్నవాళ్లకూ అదే నయం. ఆంచోవీ చేప వేయొద్దని మాత్రం ముందే చెప్పండి. మధ్యాహ్నం వెళితే సలాడ్, కాఫీ కలిపి తక్కువ ధరకే వస్తుంది. కొన్ని చోట్ల పిజ్జా ముక్కలు చేయకుండా తలా ఒకటి ఇస్తారు, కత్తి, ఫోర్క్ పక్కన పెడతారు. ఆలస్యం చేయకండి, చల్లారితే మధ్యభాగం తడిసిపోతుంది. కారం చాలకపోతే మిరపకాయలు నానబెట్టిన ఆలివ్ నూనె అడగండి, చాలా చోట్ల ఉంటుంది.